బొమ్మ చేసిన చేతికీ ఒక పేరుంటుంది



"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మీలో చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. నేను గమనించాను. పుట్టింది ఒక ఊళ్లో, ఒకటో తరగతి మరో ఊళ్లో, నాలుగో తరగతి ఇంకో ఊళ్లో, ఇప్పుడు బిలాస్‌పూర్‌లో. నాన్నగారి ఊరు ఒకటి, అమ్మగారి ఊరు ఒకటి. వీటిలో ఏది చెప్పాలి? ఆ ప్రశ్నకు నేనూ ఆగుతాను. ఇది నా అయిదో పోస్టింగు. సామాన్లు సర్దిన అట్టపెట్టెలను పారేయకుండా, ఎలాగూ మళ్లీ కావాలి కదా అని అటక మీద దాచుకునే వాళ్లం మనం.

ఊరు మారిన ప్రతిసారీ మీ చేతికి ఒక కాగితం ఇస్తారు. అదే టీసీ. అందులో మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, చదివిన తరగతి ఉంటాయి. అది చూపిస్తే కొత్త బడిలో మీరెవరో తెలుస్తుంది. అలా కాకుండా "ఒక అబ్బాయి, ఆంధ్ర ప్రాంతం" అని మాత్రమే రాసి ఇచ్చారనుకోండి. మీ అమ్మానాన్నలు ఊరుకుంటారా? ఆఫీసుకు వెళ్లి గట్టిగా అడుగుతారు. కానీ సొంత ఊరు వదిలి మ్యూజియానికి చేరిన బొమ్మల విషయంలో మనం దాదాపు అలాగే చేస్తున్నాం, ఎవరూ అడగడం లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఆ సంగతే.

పోయిన చలికాలంలో మా తరగతి పిల్లలను రాయ్‌పూర్ తీసుకెళ్లాం. పొద్దున్నే బిలాస్‌పూర్ స్టేషన్‌లో మెమూ ఎక్కి, పూరీలు తింటూ, భాటాపారా, తిల్దా దాటుకుంటూ వెళ్లాం. ముందుగా మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయం చూశాం. 1875లో మొదలైన ఈ మ్యూజియం మన దేశంలోని పాత మ్యూజియాలలో ఒకటి. ఇప్పుడున్న భవనాన్ని 1953లో అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు.

అక్కడ భద్రపరిచిన వాటిలో కిరారీ చెక్క స్తంభం ఒకటి. దాని గురించి పిల్లలకు చెప్పాను. కిరారీ ఒకప్పటి బిలాస్‌పూర్ జిల్లాలోని ఊరు. 1921లో అక్కడి చెరువు ఎండినప్పుడు బురదలోంచి ఈ స్తంభం బయటపడింది. దాని మీద అక్షరాలున్నాయి. ఎండ తగిలి చెక్క పొరలు రాలిపోతూ, వాటితోపాటు అక్షరాలూ రాలిపోసాగాయి. అదృష్టవశాత్తూ ఊరి పండితుడొకరు అప్పటికే వాటిని చూసి రాసిపెట్టారు. క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటి లిపి అని పండితులు తేల్చారు. ఇంతకీ అందులో ఉన్నది ఏమిటో తెలుసా? పేర్లు, హోదాలు! నగర రక్షకుడు, సేనాపతి, లెక్కలు చూసే గణకుడు, సామాన్ల కొట్టు చూసే భాండాగారికుడు, ఉత్తరాలు మోసే లేఖహారకుడు. ఒకరకంగా అది దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి ప్రభుత్వోద్యోగుల జాబితా. మా పిల్లలకు భలే సంబరమేసింది. "మా నాన్న గణకుడు", "మా అమ్మ లేఖహారకురాలు" అంటూ ఒకళ్లనొకళ్లు ఏడిపించుకున్నారు.

అప్పుడు ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, మరి ఈ స్తంభం చెక్కినాయన పేరు?"

నా దగ్గర జవాబు లేదు. "పదండి, పైన ఇంకా చూడాల్సినవి ఉన్నాయి" అని అప్పటికి తప్పించుకున్నాను.

పైన ఆదివాసుల జీవితానికి సంబంధించిన వస్తువులున్నాయి. నగలు, వాయిద్యాలు, ఇంటి సామాన్లు. నేను ముందుగానే ఒక కాగితం తయారు చేసి అందరికీ పంచాను. అందులో నాలుగు గళ్లు: వస్తువు పేరు, తెగ, ప్రాంతం, ఉపయోగం. పిల్లలు బుద్ధిగా గళ్లు నింపడం మొదలుపెట్టారు. పది నిమిషాలయ్యాక చూస్తే, ఒక్కరు కూడా వస్తువు వంక చూడటం లేదు. అందరి కళ్లూ చీటీ మీదే. చీటీలోది కాగితంలోకి ఎక్కించడం, పక్కదానికి జరగడం. ఆ కాగితంలో చేసినవాళ్ల పేరుకు గడి లేదని నాకు అప్పటికి తట్టనే లేదు. తయారు చేసింది నేనే కాబట్టి ఆ తప్పు నాదే.

మధ్యాహ్నం నవా రాయ్‌పూర్‌లోని పురఖౌతీ ముక్తాంగన్‌కు వెళ్లాం. పురఖా అంటే ఛత్తీస్‌గఢీలో పూర్వీకులు. ఇది ఆరుబయటి మ్యూజియం. 2006 నవంబరులో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు దీన్ని ప్రారంభించారు. బస్తర్, సర్గుజా ప్రాంతాల ఇళ్లు, గోడ బొమ్మలు, దేవుళ్ల గుళ్లు, నాట్యం చేసే మనుషుల బొమ్మలు అన్నీ చెట్ల మధ్య నడుస్తూ చూడొచ్చు.

సర్గుజా తరహా మట్టి గోడ దగ్గర ఆగాం. గోడ మీద మట్టితోనే ఉబ్బెత్తుగా పక్షులు, జంతువులు, మనుషులు. పక్కన గుండ్రటి కన్నాలతో మట్టి జాలీ. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను: "పూర్వం ఇక్కడి ఆడవాళ్లు ఇలా మట్టితో ఇళ్లను అలంకరించుకునేవారు..." మా తరగతిలో అన్ని రాష్ట్రాల పిల్లలూ ఉంటారు కాబట్టి హిందీలోనే చెబుతున్నాను.

వెనకనుంచి ఒక గొంతు వినిపించింది: "'బనాతే థే' నహీఁ మేడమ్, 'బనాతే హైఁ'."

చేసేవారు కాదు, చేస్తారు అని.

ఆ అబ్బాయి తండ్రి రైల్వేలో ట్రాక్ పని చేస్తారు. వాళ్లది సర్గుజా వైపు పల్లె. జూన్‌లో మా తరగతిలో చేరాడు. ఆరు నెలల్లో తన ఊరి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరైనా అడిగితే "అంబికాపూర్" అని పెద్ద ఊరి పేరు చెప్పి ఊరుకునేవాడు. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాడు. "మా దాదీ ప్రతి ఏడూ చేస్తుంది. పోయిన ఏడు నేను మట్టి తొక్కాను" అన్నాడు. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వాడు మళ్లీ నోరు మూసుకుంటాడేమోనని నాకు భయమేసింది.

భాష చెప్పే టీచర్ని నేను. భూతకాలం, వర్తమానకాలం తేడా తెలియలేదని మీ పేపర్లలో మార్కులు కోసేదాన్ని. ఆ గోడ ముందు కాలం తప్పు రాసింది నేను. దిద్దింది వాడు.

"నువ్వే చెప్పు నాన్నా, ఎలా చేస్తారు?" అన్నాను. చెప్పాడు. వెదురును సన్నగా చీల్చి, గుండ్రంగా వంచి, ఒకదానికొకటి కట్టి చట్రం చేస్తారట. గడ్డి కలిపిన మట్టి దానికి పట్టిస్తారట. ఎండాక 'ఛుయీ' అనే తెల్లమట్టి పూస్తారట. జాలీలోంచి గాలీ వెలుతురూ వస్తాయట, బయటివాళ్లకు లోపల కనపడదట. వరి కోతలయ్యాక, ఛేర్‌ఛేరా పండగ ముందు గోడలు మళ్లీ కొత్తగా చేసుకుంటారట. మన పల్లెల్లో సంక్రాంతికి ఇళ్లకు సున్నాలు వేసి, ముగ్గులు పెట్టినట్టే. మా పిల్లలు ఆ చీటీల కాగితాలు మడిచి పెట్టేసి, వాడి చుట్టూ చేరి, గోడను నిజంగా చూశారు. అక్కడే అరగంట గడిచింది.

చివరికి పొద్దున స్తంభం దగ్గర ప్రశ్న వేసిన అమ్మాయే మళ్లీ అడిగింది: "మీ దాదీ పేరేమిటి?" వాడు చెప్పాడు. అందరూ కాగితం అంచున ఆ పేరు రాసుకున్నారు. ఆవిడను అడగకుండా పత్రికలో వేయడం మర్యాద కాదు కాబట్టి నేను ఇక్కడ రాయడం లేదు. మా తరగతికి మాత్రం ఆ పేరు తెలుసు.

ఇంటికొచ్చాక వాళ్లకు సోనాబాయి రజవార్ కథ చెప్పాను. మీకూ చెబుతాను. సర్గుజాలోని పుహ్‌పుట్రా అనే పల్లెలో ఉండేది ఆవిడ. పెళ్లయ్యాక చాలా ఏళ్లపాటు ఇల్లు దాటి బయటకు రాకుండా, ఎవరితోనూ కలవకుండా బతకాల్సి వచ్చింది. చిన్న కొడుకు ఆడుకోవడానికి బొమ్మల్లేవు. మట్టి ఉంది. మట్టితో బొమ్మలు చేసింది. తర్వాత గోడల మీద పక్షులు, చెట్లు, మనుషులు చేసింది. ఎండ వేడికి అడ్డుగా వెదురుతో, మట్టితో జాలీలు చేసింది. రంగుల కోసం బజారుకు వెళ్లే వీల్లేదు కాబట్టి ఇంట్లో, చుట్టుపక్కల దొరికిన వాటితోనే రంగులు చేసుకుంది. ఏళ్ల తరబడి అలా చేస్తూ ఇల్లంతా నింపేసింది. 1983 ప్రాంతంలో భోపాల్‌లోని భారత్ భవన్ నుంచి వచ్చిన బృందం ఆ ఇంటిని చూసి నిర్ఘాంతపోయింది. ఆ తర్వాత ఆవిడకు జాతీయ పురస్కారం వచ్చింది. అమెరికాలోని శాన్ డియేగో నగరంలో ఆవిడ పని ప్రదర్శించారు. 2007లో ఆవిడ కన్నుమూశారు. ఆవిడ దగ్గరా, ఆవిడను చూసీ నేర్చుకున్న వాళ్లు ఇప్పటికీ ఆ పని చేస్తున్నారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ బృందం వెళ్లి, ఒక జాలీ తెచ్చి, "మట్టి జాలీ, సర్గుజా" అని మాత్రం చీటీ అంటించి ఉంటే మనకు సోనాబాయి తెలిసేదా? ఆవిడ ఒంటరితనం, కొడుకు కోసం చేసిన మొదటి బొమ్మ, ఏవీ తెలిసేవి కావు. అది "ఏదో ఒక జాతి పని" అయిపోయేది.

ఇంకొకరి సంగతి చెబుతాను. అమర్‌కంటక్ కొండలకు అవతల, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని డిండోరీ జిల్లాలో పాటన్‌గఢ్ అనే ఊరుంది. అక్కడి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఇళ్ల గోడల మీద బొమ్మలు వేసే కుర్రవాడు. 1982లో భారత్ భవన్ ప్రారంభమైనప్పుడు, అక్కడి కళా సంగ్రహాలయానికి పెద్దగా ఉన్న చిత్రకారుడు జె. స్వామినాథన్ ఒక పట్టుదల పట్టారు. పట్నం చిత్రకారుల పనీ, పల్లె, అడవి కళాకారుల పనీ ఒకే కప్పు కింద, సమానంగా ఉండాలన్నారు. జన్‌గఢ్ అలా భోపాల్ వచ్చారు. కాగితం మీద, కాన్వాస్ మీద వేశారు. 1989లో పారిస్‌లో ప్రపంచ కళాకారుల పెద్ద ప్రదర్శనలో ఆయన చిత్రాలు పెట్టారు. 2001లో ఇంటికి ఎంతో దూరంగా, జపాన్‌లో ఆయన చనిపోయారు. ఈ రోజు చుక్కలతో, సన్నని గీతలతో జింకలనూ చెట్లనూ నింపే ఆ శైలిని చాలామంది "గోండు చిత్రకళ" అంటారు. తెలిసినవాళ్లు "జన్‌గఢ్ కలం" అంటారు. రెండో మాటలో ఒక మనిషి ఉన్నాడు చూశారా?

"మేం తెలుగువాళ్లం, ఇవన్నీ మావి కావు కదా" అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. తెలుగు టీచరుగా దీనికి జవాబు చెప్పాల్సింది నేనే. గోండీ, తెలుగు రెండూ ద్రావిడ భాషలు. అందులోనూ భాషాశాస్త్రజ్ఞులు రెండింటినీ ఒకే కొమ్మ మీద పెడతారు. గోండీలో రండ్ అంటే రెండు, ముండ్ అంటే మూడు, నాలుంగ్ అంటే నాలుగు. కన్ అంటే కన్ను. ఏర్ అంటే నీళ్లు. మనం ప్రవహించే నీటిని ఏరు అంటాం. ప్రాంతాన్నిబట్టి పలుకుబడిలో తేడాలుంటాయి గానీ, చుట్టరికం మాత్రం దాగదు. బస్తర్‌లో ఘడ్వా కళాకారులు చేసే డోక్రా ఇత్తడి బొమ్మలు చూడండి. మట్టి బొమ్మ చేసి, దాని మీద మైనం దారాలు చుట్టి, మళ్లీ మట్టి కప్పి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటకు రావాలంటే అచ్చు పగలగొట్టాలి. కాబట్టి ఒక బొమ్మలాంటిది మరొకటి ఉండదు. మొహెంజొదారో నాట్యగత్తెను పోత పోసిన పద్ధతి కూడా ఇదే. మన తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతపు ఓజ కళాకారులు కూడా ఇదే పని చేస్తారు. బస్తర్ డోక్రాకు వచ్చినట్టే 2018లో ఆదిలాబాద్ డోక్రాకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. చుట్టాలింటికి వచ్చి, చుట్టరికం తెలియక గుమ్మంలోనే నిలబడ్డవాళ్లలా ఉన్నాం మనం.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. గిడుగు రామమూర్తి గారి ఫొటోకు దండ వేస్తాం, వ్యావహారిక భాష గురించి వ్యాసాలు రాస్తాం. ఆయన మీ బడి లాంటి బడిలోనే, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేశారు. అక్కడి కొండల్లోని సవరల భాష ఆయనకు రాదు. వాళ్ల మనిషిని కూర్చోబెట్టుకుని మాట మాట అడిగి నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. సవర పిల్లలకు బడులు పెట్టారు. పక్కవాణ్ని చూడాలంటే ముందు వాడి మాట వినాలని ఆయనకు తెలుసు. మాది శ్రీకాకుళం వైపే. సవరల ఇళ్ల గోడల మీద బియ్యప్పిండి రంగుతో వేసే బొమ్మలు మా ఊరికి కొన్ని గంటల దూరంలో ఉన్నాయి. ముప్పై ఏళ్లు దాటినా నేను ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. జార్ఖండ్‌లోని హజారీబాగ్ దగ్గర రెండేళ్లు పనిచేశాను. అక్కడి సొహరాయి గోడ బొమ్మలు చూడకుండానే బదిలీ ఆర్డరు చేతిలో పెట్టుకుని రైలెక్కాను. కాబట్టి మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. నేను పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదని మాత్రం చెబుతున్నాను.

కొందరు తల్లిదండ్రులు నాతో అన్నారు: "మూడేళ్లుండి పోయేవాళ్లం మేడమ్. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఈ బొమ్మలు చూస్తే మార్కులొస్తాయా?" రావు. ఒప్పుకుంటాను. కానీ మూడేళ్లే ఉంటాం కాబట్టే ఇప్పుడు చూడాలి. సొంత ఊరివాళ్లు రేపు చూసుకోవచ్చు. మనకు ఆ రేపు లేదు. ఇంకొక మాట కూడా ఉంది. ఎక్కడికి వెళ్లినా మన పిల్లలను "బయటి వాళ్లు" అంటారని మనం బాధపడతాం. ఉన్న ఊరి గురించి ఒక్క మాట కూడా తెలుసుకోకుండా వెళ్లిపోతే, ఆ మాట నిజం చేసినవాళ్లం మనమే అవుతాం.

మరికొందరు అంటారు: "ఆ ముక్తాంగన్‌లో ఉన్నవి నిజం ఇళ్లు కావు కదా, చూపించడానికి కట్టినవి." అదీ నిజమే. మ్యూజియం గోడకు పండగ రాదు. ఎవరి దాదీ వచ్చి దాన్ని మళ్లీ అలకదు. అందుకే మ్యూజియం చూస్తే చాలు అని నేను అనను. మ్యూజియం ఒక తలుపు. తలుపు అందంగా ఉందని అక్కడే నిలబడితే లోపలికి ఎప్పుడు వెళతాం? అయినా ఆ తలుపు లేకపోతే మా తరగతి అబ్బాయి నోరు తెరిచేవాడు కాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మ్యూజియాలు నడిపే పెద్దలు, చేసినవాళ్ల పేరు తెలిసిన ప్రతి వస్తువుకూ ఆ పేరు రాయాలి. తెలియకపోతే "పేరు తెలియదు" అనైనా రాయాలి. అప్పుడు అక్కడ ఒక మనిషి ఉన్నారన్న సంగతైనా గుర్తుంటుంది. మాలాంటి టీచర్లం, గళ్లు నింపించే కాగితాలు పంచడం మానాలి. ఇరవై వస్తువుల చీటీలు ఎక్కించే బదులు, ఒక్క వస్తువు ముందు పది నిమిషాలు కూర్చోనివ్వాలి. బయలుదేరే ముందు తరగతిలో "ఇవి మీ ఇంట్లో ఎవరైనా చేస్తారా?" అని అడగాలి. నేను అడగలేదు.

ఇక మీరు. ఈసారి ఏ మ్యూజియానికి వెళ్లినా మూడు సంగతులు కనుక్కోండి. ఇది ఎవరు చేశారు? ఏ ఊళ్లో చేశారు? వాళ్ల భాషలో దీన్ని ఏమంటారు? చీటీలో లేకపోతే అక్కడి గైడును అడగండి. ఆయనకూ తెలియకపోతే పరవాలేదు. పదిమంది పిల్లలు పదిసార్లు అడిగితే పదకొండోసారికి ఎవరో ఒకరు రాసి పెడతారు. "చేసేవారు" అని ఎవరైనా అంటే, "ఇప్పుడూ చేస్తున్నారా?" అని అడగండి. టీచరు అన్నా సరే, అడగండి.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. రాయ్‌పూర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు రైల్లో కొత్తవాళ్లెవరో వాణ్ని "ఏ ఊరు బాబూ?" అని అడిగారు. వాడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అంబికాపూర్ అనలేదు. తన పల్లె పేరు చెప్పాడు. ఆ పెద్దాయనకు అర్థం కాలేదు. వాడు మళ్లీ, కాస్త గట్టిగా చెప్పాడు.